అరుగు, గడప, అప్పడం

దమ్మామ్,
10 ఫిబ్రవరి 2006, శుక్రవారం.

అక్కకు నమస్కారాలు.

ఈ ఉత్తరం తెచ్చిన మనిషి మస్తాన్ వలీ. నా రూమ్‌మేట్ అని ఫోన్లో చెప్పానే, చిలకలూరిపేట అతను. మా ఆఫీసులోనే సర్వర్లు చూస్తాడు. మేం తయారుచేసిన వెబ్ పేజీలను నెట్‌లోకి ఎక్కించేది అతనే. నెల రోజులు సెలవు మీద వస్తున్నాడు. ఆఫీసు పెన్ను పొరపాటున జేబులో రూముకొచ్చేస్తే, మర్నాడు దాన్ని దాని చోట పెట్టాకే కుర్చీలో కూర్చునే రకం. తిరిగొచ్చేటప్పుడు అతని చేతికి చింతకాయ పచ్చడి ఇచ్చి పంపు.

మీ ఆఫీసుకు వచ్చిన ఆటల స్కోర్ల సైటు పని మొదలుపెట్టాను. రెండొందల పేజీలు మీ ఆఫీసు పిల్లలు తలో రకంగా చేస్తే అతుకుల బొంత అవుతుంది. అందుకని నేను పేజీలు చేయడం లేదు, ముక్కలు చేస్తున్నాను. టైలరు దగ్గర కాగితం కొలతలు ఉంటాయి చూడు, అలాగ. ఎవరు కుట్టినా చొక్కా ఒకేలా రావాలి. ఒక్క ఫైల్లో మారిస్తే రెండొందల పేజీల్లోనూ మారిపోవాలి.

పేర్లు మాత్రం మనింటివి పెట్టాను. పేజీ పైన పట్టీ చూరు, పక్కన పెట్టె అరుగు, అడుగున పట్టీ గడప, గుండ్రటి బటన్ అప్పడం. ఇంగ్లీషు పేర్లయితే ఒక్కో పిల్ల ఒక్కో అర్థం తీస్తుంది. అరుగు అంటే ఎవరైనా పక్కనే కదా పెడతారు!

ఒక్క సంగతి మాత్రం మర్చిపోకు. ఇక్కడ మన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర తప్ప ఇంకెవరికీ పని చేయకూడదు. నా పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో ఉంది. మెయిల్‌లో ఫైళ్ళే పంపుకుందాం, ఒక్క మాట కూడా రాయొద్దు. మాటలన్నీ ఉత్తరాల్లో. నేను పిరికివాడినని నువ్వు నవ్వినా సరే.

నీ తమ్ముడు,
భరణి


విజయవాడ,
8 మార్చి 2006.

చిరంజీవి భరణికి,

పచ్చడి, కందిపొడి, నీ పిరికితనానికి విరుగుడుగా కాస్త శొంఠి పంపుతున్నాను. రోజూ వాడు.

మీ వలీ బంగారం లాంటి మనిషి. గవర్నరుపేట ఎండలో రెండు సందులు తిరిగి మా ఆఫీసు పట్టుకున్నాడు. మజ్జిగ తాగాడు. నీ ముక్కల బొమ్మలు, పేర్లతో సహా, గోడకు అంటించాం. నిలబడి మొత్తం చదివి నవ్వాడు. "మా అమ్మ కూడా పొద్దస్తమానం అరుగు మీదే ఉంటదండీ" అన్నాడు. వచ్చే రంజాన్‌కి ఆవిడను మక్కా, మదీనాలకు ఉమ్రా యాత్రకు తీసుకెళ్తాడట, చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయింది.

పని అద్భుతంగా ఉందిరా. క్లయింటు వాళ్ళు లండన్ నుంచి ఫోన్ చేసి ఇన్నాళ్ళకు సైటు ఒక్క చేత్తో చేసినట్టుందన్నారు. మా అయిదుగురు పిల్లలకూ ఈ ఏడాదికి పని ఉన్నట్టే. ఇప్పుడు ఇంకో రెండు కావాలి. ప్రతి మ్యాచ్ పక్కనా మూడు చిన్న బటన్లు, వాటిలో అంకెలు. ఏది నొక్కినా ఆ సంగతి అరుగులోకి వచ్చి చేరాలి. ఏ పేజీకి వెళ్ళినా ఆ అరుగు కదలకుండా ఉండాలి. జూన్‌లో ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు లోపల అయిపోవాలి.

అంకెలు దేనికని అడక్కు. స్కోర్లకు సంబంధించినవే.

అక్క
ఇంద్రజ


దమ్మామ్,
14 ఏప్రిల్ 2006.

అక్కా,

ముక్కలు రెండూ పంపాను. అందాయా?

ఇంకో సంగతి. గోల్స్ ఒకటో రెండో ఉంటాయి గాని, రెండు పాయింట్ ఏడు అయిదు గోల్స్ ఎవరూ కొట్టరు. అలాంటి అంకె నొక్కితే అరుగులో రసీదు లాంటిది ఎందుకు తయారవుతోంది? నేను స్కోర్లు రోజూ చూసేవాణ్ణే. స్కోరుకు ఎవడూ రసీదు ఇవ్వడు.

నిన్న నువ్వు పంపిన డ్రాయింగులో ఓ మూల చిన్న అక్షరాల్లో సైటు అసలు పేరు ఉంది. పొద్దువాలే వేళ వలీ అసర్ నమాజుకు వెళ్ళాక రూములో ఆ పేరు కొట్టాను. సైటు రాలేదు. ఈ పేజీ చూడడానికి అనుమతి లేదని ఇక్కడి నోటీసు వచ్చింది. ఈ దేశంలో నెట్ మొత్తం ఒక్క గేటు గుండా వెళ్తుందని, ఆ గేటు దగ్గర ఎవరేం అడిగారో రాసిపెట్టుకుంటారని వలీయే ఒకసారి చెప్పాడు. వెంటనే కంప్యూటర్ ప్లగ్గు పీకేశాను. పీకితే ఏమవుతుంది, అడిగింది అడిగాక? ఆ సాయంత్రం వాచ్‌మన్ తలుపు కొడితే నా చేతిలో గ్లాసు జారిపోయింది. అతను వచ్చింది నీళ్ళ ట్యాంకు సంగతి చెప్పడానికి.

మూడు నెలలుగా నేను చేస్తున్న సైటు నేను చూడలేను. నువ్వు చూడగలవు. నిజం చెప్పక్కా, అది ఏం సైటు?

భరణి


విజయవాడ,
2 మే 2006.

భరణీ,

పందేల సైటే. ఆటల మీద పందేలు కాసే సైటు. ఇంగ్లండులో అది కిరాణా కొట్టు లాంటి వ్యాపారం, అక్కడెవరూ దాక్కోరు. నీకు చెప్తే నువ్వు చేయవు, నువ్వు చేయకపోతే నాకింత బాగా చేసేవాళ్ళు దొరకరు. తెలియకపోతే నీకు భయం ఉండదనుకున్నాను. తప్పే. తిట్టు, పడతాను.

కానీ ఆలోచించు. నీ పేరు ఎక్కడా లేదు. ఫైళ్ళు నా ఐడీ నుంచి వెళ్తాయి. పేజీలు పెట్టి చూసుకునే టెస్ట్ సర్వర్ కూడా క్లయింటు పేరు మీద అమెరికాలో ఉంది. నిన్ను ఆ సైటుకు ముడిపెట్టే దారం ఒక్కటి కూడా లేదు. ఒక్కసారి ప్లగ్గు పెట్టి తీసినందుకు ఎవరూ రారు. ఇక నీకు పని పంపను, సరేనా? మిగిలింది ఇక్కడ పిల్లలే చేసుకుంటారు.

అన్నం మానేశావట, వలీ నీ ఫోన్ తీసుకుని చెప్పాడు. గొడవపడ్డామని అబద్ధం చెప్పాను అతనికి. తిను.

అక్క


దమ్మామ్,
19 మే 2006.

అక్కా,

దారం లేదన్నావు. ఉంది. నేనే కట్టాను.

నీ దగ్గర నేనూ ఒకటి దాచాను. మార్చిలో మా ఆఫీసుకు ఓ పెద్ద పని వచ్చింది. మదీనాలో యాత్రికులు దిగే హోటళ్ళు కొన్ని ఒకే యజమానివి. వాటిలో గదులు బుక్ చేసుకునే సైటు. పది రోజుల్లో కావాలన్నారు. నా దగ్గర ముక్కలు తయారుగా ఉన్నాయి కదా. చూరు, అరుగు, గడప, అప్పడం, అన్నీ తెచ్చి పెట్టేశాను. రంగులు మార్చానంతే. పేర్లు కూడా మార్చలేదు. ఎవరైనా రెండు పేజీల లోపలి రాత తెరిచి పక్కపక్కన పెడితే ఒకే చేతి పని అని తెలిసిపోతుంది. మేనేజరు దావూద్ సార్ నా భుజం తట్టి ఇంత వేగం ఎప్పుడూ చూడలేదన్నాడు. ఆయన జోర్డాన్ మనిషి, ఊరికే మెచ్చుకోడు. ఆ రోజు ఎంత పొంగిపోయానో తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మదీనా హోటళ్ళకూ, పందేల సైటుకూ ఒకే గడప! నాకు నమాజు లేకపోవచ్చు, కానీ మదీనా వాళ్ళకు ఎలాంటి చోటో నాకు తెలుసు. వలీ ఆ పేజీలు ఎక్కించే ముందు, నమాజుకు ముందులాగే కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకుని వచ్చి కూర్చున్నాడు.

నీకు దణ్ణం పెడతాను. అక్కడ పేర్లు మార్పించు. ఇక్కడ నేను మారిస్తే ఎందుకు మార్చావని అడుగుతారు, ప్రతి మార్పుకూ కారణం రాసి వలీ సంతకం తీసుకోవాలి. నువ్వు మారిస్తే ఎవరూ అడగరు.

భరణి


విజయవాడ,
4 జూన్ 2006.

భరణీ,

నీ ఉత్తరం చదివి నాకూ చెమటలు పట్టాయి. కానీ పేర్లు మార్చాలంటే రెండొందల పేజీలూ విప్పాలి. తొమ్మిదో తారీకున ప్రపంచ కప్పు. ఇప్పుడు ఒక్క పేజీ చెడినా క్లయింటు పోతాడు, పిల్లల్ని ఇంటికి పంపేయాలి. కప్పు అవగానే మొదటి పని అదే, ఒట్టు. నెల రోజులు ఓర్చుకో.

నువ్వు చెప్పిన సుఖం మాత్రం ఇప్పుడు తెలుస్తోంది. కప్పు కోసం గుండ్రటి బటన్లన్నిటికీ బంతి బొమ్మ కావాలన్నారు. టెస్ట్ సర్వర్లో అప్పడం బొమ్మ ఒక్కటి తీసి, అదే పేరుతో బంతి బొమ్మ పెడితే చాలు, అన్నిచోట్లా బంతే. ఎనిమిదో తారీకు గురువారం పెడుతున్నాం. నీ మెదడుకు దిష్టి తీయాలి.

భయపడకురా.

అక్క


దమ్మామ్,
16 జూన్ 2006.

అక్కా,

ఇది చదివాక చింపెయ్యి.

నీ ఉత్తరం నాకు సోమవారం అందింది. జరగాల్సింది శనివారమే జరిగిపోయింది. మీకు గురువారం పనిరోజు, మాకు గురు, శుక్రవారాలు సెలవు. రెండు రోజులు ఆఫీసులో చూసే దిక్కులేదు.

శనివారం తలుపు తీసేసరికి ఫోన్ మోగుతోంది. హోటళ్ళ యజమాని. దావూద్ సార్ వింటూ వింటూ లేచి నిలబడిపోయాడు. తర్వాత తన కంప్యూటర్ మా వైపు తిప్పాడు. పైన మినార్ల ఫోటో. దాని కింద గుండ్రటి బటన్ ఉండాల్సిన చోట ఫుట్‌బాల్ బంతి. బంతి చుట్టూ ‘బెట్ నౌ’ అని. మధ్యలో మా అక్షరాలు అలాగే ఉన్నాయి, ‘గది బుక్ చేయండి’ అని.

తొందరలో ముక్కలు తెచ్చినప్పుడు అప్పడం బొమ్మను మా సర్వర్లోకి దించుకోలేదక్కా. దాని అడ్రసు నీ టెస్ట్ సర్వర్‌దే ఉండిపోయింది. నువ్వు అక్కడ మార్చావు, ఇక్కడ మారింది. ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారాలని నేను కోరుకున్నదే.

వలీ రెండు నిమిషాల్లో సైటు ఆపేశాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి.

దావూద్ సార్ ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకుని, అక్కడి పేజీ లోపలి రాత తీశాడు. మా పేజీలో ఉన్న మాటలే అక్కడా ఉన్నాయి. "ఇవేంటి?" అని నన్నడిగాడు. నా నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చింది. ఈ ముక్కలు నెట్‌లో ఉచితంగా దొరికితే తీసుకున్నాను, తయారుచేసినవాడికి పందేల సైటు కూడా ఉందేమో, పేర్లు దానితోనే వచ్చాయి, ఏ భాషో నాకు తెలియదు అన్నాను.

ఆయన ఆ మాటలన్నీ ఓ కాగితం మీద అచ్చు తీసి వలీ ముందు పెట్టాడు. "మీ ఇద్దరిదీ ఒకే ఊరివైపు. ఇది మీ భాషా?"

కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లో చూరు, అరుగు, గడప, అప్పడం. వలీ వంగి, వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాడు. నేను అతని వేలు చూస్తూ నిలబడ్డాను. ఆ వేలు అప్పడం దగ్గర ఆగింది.

"తెలియదు సార్" అన్నాడు.

నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను అక్కడే కూలిపోయేవాణ్ణి. పెన్ను తిరిగిచ్చే మనిషక్కా అతను!

ఇక మిగిలింది రిజిస్టరు. పేజీలు ఎక్కించే ముందు అన్నీ చూశాను, సరిగా ఉన్నాయి అని వలీ సంతకం ఉంది. యజమానికి ఎవరో ఒకరిని చూపించాలి. జూలై నెలాఖరుకు వలీకి ఫైనల్ ఎగ్జిట్ అన్నారు. అంటే ఇక ఈ కంపెనీ లేదు, ఈ దేశం లేదు. వాళ్ళమ్మ ఖాసింబీ గారికి వీసా పెట్టింది ఇతనికి ఇక్కడ ఉండడానికి ఇచ్చిన ఇఖామా కార్డు మీదే. ఇతను పోతే ఆమె రాదు.

రూములో ఇద్దరమే ఉంటాం. వండి నా కంచం కూడా పెడతాడు. మాట్లాడడు. మెట్ల మీద బూట్ల చప్పుడైతే నేను బాత్‌రూములోకి పోయి గొళ్ళెం పెట్టుకుంటున్నాను. నేను చెప్తే నన్నేం చేస్తారో తెలియదు. బయటి పని ఒక నేరం, పందేలు ఒక నేరం, మదీనా పేజీ మీద ఆ బొమ్మ... దానికేం పేరు పెడతారో ఊహించుకోలేను. ఏం చేయమంటావు?

భరణి


విజయవాడ,
27 జూన్ 2006.

భరణీ,

నోరు మూసుకుని ఉండు. అంతే. టెస్ట్ సర్వర్ తుడిపించేశాను. పేర్లన్నీ మార్పించాను, రెండు రోజులు పిల్లలతో పాటు నేనూ కూర్చున్నాను. గోడమీది కాగితం చించి కాల్చేశాను. ఇక రుజువు లేదు. వలీకి ఇక్కడ ఉద్యోగం నేను చూస్తాను, వాళ్ళమ్మకు నేను ఏదో ఒకటి చేస్తాను. నువ్వు చెప్తే నిన్ను మళ్ళీ చూస్తానో లేదో నాకు తెలియదు. స్వార్థమే. అక్కను కాబట్టి రాస్తున్నాను. చెప్పకు.

29 జూన్.

పైన రాసింది కొట్టేద్దామనుకున్నాను. ఉంచుతున్నాను, నేనేం మనిషినో నీకు తెలియాలి.

ఈరోజు ఖాసింబీ గారు వచ్చింది. వీసా ఏజెంటు దగ్గరకు బెజవాడ వచ్చిందట. ‘మా వాడు మీ ఆఫీసులో మజ్జిగ తాగాడంట గదమ్మా’ అని వెతుక్కుంటూ వచ్చింది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. వలీ చెప్పలేదు. సంచీలోంచి కొత్త తెల్లచీర తీసి చూపించింది, అక్కడ కట్టుకోవడానికి. తర్వాత, "మా వోడు కంప్యూటర్లో పెట్టిన మదీనా చూపిస్తావా అమ్మా?" అంది.

ఎలా కాదననురా? తీశాను. మీరు మళ్ళీ సరిచేసి పెట్టినట్టున్నారు. మినార్లు వచ్చాయి. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుని తెర మీద వేలు పెట్టింది. సరిగ్గా ఆ గుండ్రటి బటన్ మీద. "ఇది నొక్కితే గది ఇస్తారా?" అంది.

అవునమ్మా అన్నాను. ఆమె వెళ్ళాక మా పిల్లల ముందే ఏడ్చాను.

చెప్పమని నేను అనలేను. నీ పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరుంది, నా నోరు రాదు. చెప్పొద్దని కూడా ఇక అనలేను. ఇందులో మొదటి అబద్ధం నాది. ఆ ఒక్క మాట నువ్వు ఎవరికి చెప్పినా ఒప్పుకుంటాను.

అక్క


దమ్మామ్,
14 జూలై 2006, శుక్రవారం.

అక్కా,

వలీ జుమ్మా నమాజుకు వెళ్ళాడు. రూములో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. రేపు శనివారం, దావూద్ సార్ ఎనిమిదింటికి వస్తాడు. ఎనిమిదింటికే వెళ్తాను. పది దాటితే నాకు ధైర్యం ఉండదు.

ఆ మాటల కాగితం ఇంకో ప్రతి తీసుకున్నాను. ఒక్కొక్క మాట పక్కన ఇంగ్లీషులో అర్థం రాశాను. చూరు అంటే ఇంటి కప్పు అంచు. అరుగు అంటే వీధి గుమ్మం పక్కన కూర్చునే తిన్నె. గడప అంటే తలుపు కింది కొయ్య. అప్పడం అంటే నూనెలో వేయించుకుని తినేది. కింద నా పేరు, ఊరు, సంతకం. ఇది ముందు పెట్టాక నేను నోటితో చెప్పలేకపోయినా పని జరిగిపోతుంది. నా నోటి మీద నాకు నమ్మకం లేదు.

భయంగా ఉందక్కా. నన్ను ఎక్కడికి తీసుకెళ్తారో, ఎవరు అడుగుతారో, ఏ భాషలో అడుగుతారో. నిన్న దమ్మామ్ బజారులో పోలీసు కారు పక్కనుంచి పోతే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. ఎవరూ నన్ను చూడను కూడా లేదు.

నీ పేరు చెప్పను. పని ఇచ్చిన వాళ్ళు ఇండియాలో ఉన్నారంటాను, అంతే.

ఈ ఉత్తరం అంటించకుండా వలీ మంచం మీద పెడుతున్నాను. అతను చదవాలి. చదివాక పోస్టు చేసినా, చింపినా అతని ఇష్టం.

భరణి


(అదే ఉత్తరం వెనకవైపు, వేరే చేతిరాత)

దమ్మామ్,
2 ఆగస్టు 2006.

ఇంద్రజ అక్కకు మస్తాన్ వలీ సలాములు.

ఉత్తరం ఆ రోజే చదివాను. పోస్టు చేయడానికి ఇన్నాళ్ళు పట్టింది, మన్నించండి. ఏం జరుగుతుందో తెలిశాక రాద్దామని ఆగాను.

శనివారం ఇద్దరం కలిసే వెళ్ళాం. భరణి కాగితం పెట్టాడు. మీ పేరు అడిగారు, చెప్పలేదు. సార్ చాలాసేపు చదివి నన్నడిగారు, మరి నువ్వు తెలియదన్నావేం అని. ఫిబ్రవరిలో ఈ మాటలన్నీ మీ ఆఫీసు గోడ మీద చదివాను కదక్కా. అప్పుడు అది దేని పనో తెలియదు. ఆ రోజు కాగితం చూడగానే మొత్తం తెలిసింది. మాట తెలియక కాదు, భరణి మొహం చూడలేక అన్నాను అని చెప్పాను. నా దగ్గర్నుంచి సర్వర్ తాళాలు తీసుకున్నారు. ఎగ్జిట్ రద్దు చేశారు. ఇప్పుడు గోదాములో స్టాకు రాస్తున్నాను. అబద్ధం సంగతి అల్లాకు నేను చెప్పుకుంటాను.

ఇది కాగితం మీద రాస్తే పోలీసులకు పోతుంది, నేను రాయను అన్నారు సార్. యజమానికి ఏం చెప్పారో మాకు తెలియదు. భరణికి ఎగ్జిట్ కొట్టించారు. ఎల్లుండి ఫ్లైటు. పాస్‌పోర్టు ఎయిర్‌పోర్టులోనే చేతికిస్తారట. విమానం లేచేదాకా అతనికి అన్నం దిగదు, నాకూ దిగదు. లేచాక మీకు ఫోన్ చేస్తాను.

ఏడు వారాలు నేను అతనితో మాట్లాడలేదు. నిన్న మాట్లాడాను. అమ్మ వీసా వచ్చింది అని చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు, భుజాలు కదులుతుంటే తెలిసింది ఏడుస్తున్నాడని.

అమ్మకు రంజాన్ మొదటి వారానికి ఆ హోటల్లోనే గది తీసుకున్నాను. అందరిలాగే సైటులోకి వెళ్ళి తీసుకున్నాను. గుండ్రటి బటన్ అలాగే ఉంది. దాని వెనక ఇప్పుడు పందెం ఏమీ లేదని తెలుసు. అయినా బిస్మిల్లా అనుకుని, కళ్ళు మూసుకుని నొక్కాను.